మార్లవాయి బడి చెప్పిన పాఠం

ఏజెన్సీ బడుల మాట వస్తే అందరూ ముందుగా భవనాలు, భోజనం, హాజరు గురించే మాట్లాడతారు. అవన్నీ అవసరమే. కానీ ఆదిలాబాద్ కొండల్లో బడి చరిత్రను మొదటి నుంచి చూస్తే రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. పాఠం చెప్పేది ఎవరు? ఏ భాషలో చెబుతారు? ఎనభై ఏళ్లలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, జిల్లాలు మారాయి. ఈ రెండు ప్రశ్నలు మాత్రం తేలలేదు.

బడి రాకముందు మన పెద్దలకు చదువే లేదనడం సరికాదు. గోండుల వంశ కథలు, దేవతల కథలు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగల పుట్టుపూర్వోత్తరాలు పర్ధాన్ల నోట, కీక్రి వాద్యం తోడుగా తరతరాలు నిలిచాయి. దండారి రోజుల్లో పిల్లలు పెద్దల వెంట తిరిగి ఆట, పాట, మర్యాద నేర్చుకునేవారు. మనకు లేనిది కాగితం మీది చదువు. ఆ లోటు ఎంత ఖరీదైనదో భూమి దగ్గర తెలిసింది. నిజాం కాలంలో అడవికి హద్దులు గీశారు. తాతల నాటి చేలు రిజర్వు ఫారెస్టులో కలిశాయి. మైదానాల నుంచి వచ్చినవాళ్లు పట్టాలు రాయించుకున్నారు. రసీదులో ఏముందో చదవలేని మనిషి దున్నుకుంటున్న చేను, చదవడం వచ్చినవాడి పేరు మీదకు పోయింది. సర్కారు భాష ఉర్దూ. ఊరి లెక్కలు మరాఠీలోనో తెలుగులోనో ఉండేవి. గోండీలో చెప్పుకుంటే వినేవాడు కచేరీలో లేడు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ పోరాటం తర్వాతే నిజాం సర్కారు ఈ కొండల వైపు కొత్తగా చూడవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని దగ్గరగా చూశారు. గోండులకు భూమి మీద హక్కు కావాలి, ఆ హక్కును కాపాడుకునే చదువు కావాలి అని ఆయన సర్కారుకు చెప్పాడు. బస్తర్ మారియా గోండుల మీద పుస్తకం రాసిన గ్రిగ్సన్ అప్పట్లో హైదరాబాద్ సర్కారులో రెవెన్యూ వ్యవహారాలు చూసేవాడు. కాబట్టి ఆ మాట వినేవాడు పైన ఉన్నాడు. అలా 1943లో గోండు విద్యా పథకం మొదలైంది.

ఆ పథకంలో మనం గుర్తుపెట్టుకోవలసింది దాని వరుస. ఊరూరా ముందు బడులు కట్టి ఆ తర్వాత పంతుళ్లను వెతకలేదు. మార్లవాయిలో ముందుగా పంతుళ్ల శిక్షణ కేంద్రం పెట్టారు. అక్షరం వచ్చిన గోండు యువకులు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అలాంటివారిని, నేర్చుకోగలిగినవారిని పిలిచి చదువు చెప్పి, పంతుళ్లను చేసి గూడేలకు పంపారు. వాచకాలు గోండీలో తయారుచేశారు. ఆ ప్రాంతంలో కొద్దోగొప్పో తెలిసిన లిపి మరాఠీ లిపే కనుక వాటిని దేవనాగరిలో అచ్చువేశారు. పిల్లవాడు బడిలోకి అడుగుపెడితే ఎదురుగా ఉన్న పంతులు తన తెగవాడు, నోట వచ్చేది తన ఇంటి మాట. అందువల్ల బడి పరాయి వాళ్ల కచేరీలా అనిపించలేదు.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన సర్కారు తరఫున పనిచేసినవాడు. 1945లో నిజాం ప్రభుత్వానికి సలహాదారు అయ్యాడు. భీం అడిగినంత ఈ పథకం ఇవ్వలేదు. ఈ మాట కూడా చెప్పుకోవాలి: భీం పోరాటం లేకపోతే సర్కారు ఆయన మాట వినేదే కాదు. అయినా మార్లవాయి బడి మన నేల మీద జరిగిన నిజమైన పని. బెట్టీ 1987లో చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టుకున్నాం. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశాక, ఏళ్ల తర్వాత ఆయన అస్థికలూ ఆమె పక్కకే చేరాయి.

1948లో నిజాం పాలన పోయింది. ఆ రోజుల్లో సేతుమాధవరావు వంటి అధికారులు గోండుల మధ్య పనిచేసి వారి గురించి పుస్తకం కూడా రాశారు. కానీ పెద్ద దెబ్బ 1956లో తగిలింది. భాషను బట్టి రాష్ట్రాలు వేరుచేశారు. రాజూరా, కిన్వట్ ప్రాంతాలు అటు బొంబాయి రాష్ట్రానికి పోయాయి, మిగిలిన ఆదిలాబాద్ ఇటు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. తెలుగువాళ్లకు తెలుగు రాష్ట్రం వచ్చింది, కొన్నేళ్లకు మరాఠీవాళ్లకూ మరాఠీ రాష్ట్రం వచ్చింది. గోండీ మాట్లాడేవాళ్లు మాత్రం నాలుగైదు రాష్ట్రాల్లో చీలిపోయారు. అటు పిల్లలకు మరాఠీ బడి, ఇటు పిల్లలకు తెలుగు బడి. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు వేరువేరు వాచకాలు పట్టుకున్నారు. గోండీ వాచకాలు మూలపడ్డాయి. అదే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చి, భాషాపరంగా తక్కువమంది ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలన్నారు. ఆ అధికరణం మన గూడేల దాకా రాలేదు.

తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. 1970లలో ఉట్నూరు ఐటీడీఏ వచ్చింది. తిండి, బట్ట, పుస్తకం ఇచ్చి చదివించిన ఆ బడుల వల్లే మనలో ఉద్యోగులు, రచయితలు తయారయ్యారు. ఆ మేలు మరువలేం. కానీ చాలాచోట్ల పంతులు మైదానం మనిషి. అతనికి పిల్లల మాట తెలియదు, పిల్లలకు అతని మాట తెలియదు. వానలు పడి వాగులు పొంగితే అతను రాడు. పిల్లవాడు ఒకటో తరగతిలో రెండు పనులు చేయాలి: తెలియని భాష నేర్చుకోవాలి, ఆ తెలియని భాషలోనే లెక్కలూ నేర్చుకోవాలి. అది చేయలేక మానేసినవాణ్ణి మొద్దు అన్నారు.

పంతులు ఎవరన్న ప్రశ్నకు ప్రభుత్వం రెండుసార్లు జవాబు చెప్పింది. 1986లో జీవో 275 ఇచ్చి ఏజెన్సీలో పంతుళ్ల ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే అంది. ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని, అందులో మూడో వంతు మహిళలకు అని చెప్పింది. ఇరవై ఏళ్లపాటు మన ఆడబిడ్డలు, మగబిడ్డలు పంతుళ్లయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమనీ, ఐదో షెడ్యూలు కింద గవర్నర్‌కు ఉన్న అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోదనీ చెప్పింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు షరతులతో నిలిచాయి. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచననే కోర్టు తప్పుపట్టింది.

ఇక్కడే మార్లవాయి చరిత్ర మనకు పనికొస్తుంది. అక్కడ గోండు పంతులు కావాలన్నది రక్తం చూసి కాదు. పిల్లవాడికి అర్థమయ్యే మాట అతని దగ్గర ఉంది కాబట్టి. మన వైపు లోటునూ చూసుకోవాలి. జీవో 3 తెగను చూసింది, భాషను అడగలేదు. గోండు గూడేనికి గోండీ రాని గిరిజన పంతులు వచ్చినా, కొలాం గూడేనికి కొలామీ రాని గోండు పంతులు వెళ్లినా జీవో ప్రకారం తప్పులేదు. పిల్లవాడికి మాత్రం అది పరాయి బడే.

భాష వైపు నుంచీ ప్రయత్నాలు జరిగాయి. 2004 ప్రాంతంలో గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు చేసి కొన్ని బడుల్లో మొదలుపెట్టారు. నార్నూర్ ప్రాంతంలోని గుంజాలలో గోండీ సొంత లిపి రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్లో, కంప్యూటర్లో గోండీని గోండీ లిపిలోనే రాసుకోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాష అని చెప్పినవారు 29 లక్షలకు పైనే. ఇంతమంది మాట్లాడే భాష ఇంకా ఎనిమిదో షెడ్యూలులో లేదు.

మార్లవాయిలో పంతులూ భాషా కలిసి వచ్చాయి. ఆ తర్వాత ఎప్పుడూ కలిసి రాలేదు. జీవో వచ్చినప్పుడు భాషను వదిలేశారు. వాచకాలు వచ్చినప్పుడు ఆ భాష వచ్చిన పంతుళ్లు చాలినంతమంది లేరు. కాబట్టి ఇక మీదట మన సంఘాలు, మన రచయితలు రెండింటినీ ఒకే మాటగా అడగాలి. ఏజెన్సీ ప్రాథమిక బడిలో చేరే టీచరుకు ఆ గూడెం భాష వచ్చి ఉండాలన్న అర్హత పెట్టమని అడగాలి. లెక్కల టీచరుకు లెక్కలు రావాలన్నట్టే ఇదీ. దీన్ని రిజర్వేషన్ అనలేరు. గోండీ, కొలామీలలో శిక్షణ ఇచ్చే కేంద్రం ఉట్నూరులోనో, అసలు మొదలైన మార్లవాయిలోనో పెట్టమని అడగాలి. 1943లో, రోడ్డు కూడా సరిగా లేని రోజుల్లో చేయగలిగిన పని ఇది. ఇప్పుడు చేయలేమని ఏ ప్రభుత్వమైనా అంటే, ఎందుకు చేయలేదో కాగితం మీద రాసిమ్మని అడుగుదాం. ఆ కాగితం చదవగలిగినవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు.