బార్కస్ అరబ్బు కుటుంబాల వంశచరిత్ర: దస్తావేజులలో తల్లి జాడ

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటిన తరువాత ఉన్న బార్కస్ పేరులోనే దాని పుట్టుక ఉన్నది. సైనిక నివాసాలకు ఇంగ్లీషులో వాడే ‘బ్యారక్స్’ అనే మాట ప్రజల నోట వర్ణవ్యత్యయం పొంది ‘బార్కస్’ అయింది. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరు ‘ఏ.సి. గార్డ్స్’గా నిలిచినట్లే ఇక్కడ కూడా కొలువు పేరు ఊరి పేరుగా మిగిలింది. ఇక్కడి వారిలో అధికులు యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సైనికుల సంతతి. వీరికి గల ‘చావుష్’ అనే వ్యవహారం కూడా తురుష్క భాషలోని సైనిక పదవీనామం నుంచి వచ్చినదే. ఈ కుటుంబాల వంశచరిత్రకు ఏయే ఆధారాలు ఉన్నాయి, అవి ఎవరిని నమోదు చేశాయి, ఎవరిని విడిచాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

కొలువు పత్రాలు

19వ శతాబ్దంలో అరబ్బు సైనికులు జమాదారుల కింద నిజాం కొలువులో ఉండేవారు. జమాదారులు సైన్యాధిపతులే కాక వడ్డీ వ్యాపారులు కూడా. అప్పులకు తాకట్టుగా తాలూకాల ఆదాయాన్ని వారు పొందేవారు. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ వారి ప్రాబల్యాన్ని తగ్గించాడు. ఈ జమాదారులలో ఒకడైన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుయైతీ వంశం హైదరాబాదులో గడించిన ధనంతో హద్రమౌత్‌లో రాజ్యం స్థాపించి, 1881లో ముకల్లా రేవును వశపరచుకొని, 1967 వరకు పాలించింది. ఇటువంటి ప్రముఖుల చరిత్ర సులభంగానే దొరుకుతుంది. సామాన్య సైనికుని విషయం వేరు. జీతం జమాదారు చేతి మీదుగా అందే పద్ధతిలో ప్రభుత్వ కాగితాలలో జమాదారు పేరు నిలిచినంతగా అతని మనిషి పేరు నిలవదు.

ఈ పత్రాలను చదవడానికి రెండు మెలకువలు అవసరం. మొదటిది భాష. 1880ల వరకు పాలనాభాష పారశీకం, ఆ తరువాత ఉర్దూ. రెండవది కాలగణన. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపుగా క్రీస్తుశకం వస్తుంది. 1357 ఫసలీ 1947 అక్టోబరులో మొదలైంది. హిజ్రీ చాంద్రమానానికి ఈ సూత్రం చెల్లదు. 33 హిజ్రీ సంవత్సరాలు సుమారు 32 సౌర సంవత్సరాలకు సమానం. ఈ తేడాను గుర్తించకపోతే ఒకే వ్యక్తి ఇద్దరుగా, తండ్రీకొడుకులు అన్నదమ్ములుగా కనిపించే ప్రమాదం ఉన్నది.

పేరు, నిఖా

అరబ్బు నామమే ఒక చిన్న వంశావళి. ‘బిన్’ అన్న ప్రతిచోటా ఒక తరం వెనక్కు వెళ్ళవచ్చు. ‘బా’ అనే పూర్వపదం హద్రమీ వంశనామాలకు గుర్తు. అయితే ఈ గొలుసులో ఉన్నవారందరూ పురుషులే. హద్రమౌత్ నుంచి వలస వచ్చినవారు కూడా ప్రధానంగా పురుషులే. వారు ఇక్కడి స్త్రీలను వివాహమాడారు. ఆ సంతానాన్ని ‘మువల్లద్’ అన్నారు. కాబట్టి బార్కస్ కుటుంబాల మూలంలో సగం దక్కనుదే. పేరు మాత్రం ఆ సగాన్ని చెప్పదు.

ఆ సగం కనిపించే చోటు ఖాజీ వద్ద ఉండే నిఖా దస్తావేజు. హైదరాబాదులో ‘సియాహా’గా వ్యవహరించే ఈ పత్రంలో వధువు పేరు, ఆమె తండ్రి పేరు, సాక్షులు, మెహర్ నమోదవుతాయి. బార్కస్ అరబ్బులు అనుసరించే షాఫయీ సంప్రదాయంలో వధువు తరఫు సంరక్షకుడు లేనిదే నిఖా చెల్లదు. అందువల్ల స్త్రీ పుట్టింటి జాడ ఆ కాగితంలో తప్పక మిగులుతుంది. అది ఒక్క మెట్టు మాత్రమే. వధువు తల్లిని తెలుసుకోవాలంటే ఆమె తల్లిదండ్రుల నిఖా పత్రాన్ని మళ్ళీ వెదకాలి.

మెక్సికోతో పోల్చినప్పుడు ఈ భేదం స్పష్టమవుతుంది. అక్కడ 16వ శతాబ్దం నుంచి చర్చీలు బాప్తిస్మ, వివాహ పట్టీలను నిర్వహించాయి. 1859లో జననమరణవివాహాల నమోదును ప్రభుత్వం చర్చి నుంచి తన చేతిలోకి తీసుకున్నది. స్పానిష్ సంప్రదాయంలో తండ్రి, తల్లి ఇంటిపేర్లు రెండూ బిడ్డకు చేరుతాయి కనుక, పరిశోధకుడు తల్లి వంశాన్ని వేరుగా వెదకనక్కరలేదు. తెలుగునాట పిచ్చుకగుంట్లు పలికే గోత్రాలు, ఇంటిపేర్లు మాత్రం బార్కస్ పేర్ల వలెనే పితృవంశానికి పరిమితమయ్యాయి.

1948 తరువాత

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. సైన్యం తరఫున లొంగుబాటును అంగీకరించిన సేనాని ఎల్ ఎద్రూస్ సైతం హద్రమీ మూలాలున్నవాడే. ఆ తరువాత అరబ్బు సైనికులు కొలువు కోల్పోయారు. పలువురు నిర్బంధానికి గురయ్యారు. కొందరిని దేశం నుంచి పంపివేశారు. వంశచరిత్ర అప్పుడు కుతూహల విషయం కాదు, నివాసహక్కుకు సంబంధించిన ప్రశ్న. ‘బిన్’ అన్న గొలుసు ఎంత పొడవుగా ఉంటే మనిషి అంత పరదేశిగా కనిపించాడు.

రాజ్యాంగం 5వ అధికరణం పౌరసత్వానికి భారతదేశంలో స్థిరనివాసంతో పాటు మూడు మార్గాలలో ఒకదానిని కోరింది: దేశంలో జననం, తల్లిదండ్రులలో ఏ ఒక్కరైనా ఇక్కడ పుట్టి ఉండడం, లేదా అయిదేళ్ళ నివాసం. రెండవ మార్గంలో తల్లికి తండ్రితో సమానమైన స్థానం లభించింది. కొలువు కాగితం విస్మరించిన స్త్రీయే చట్టం దృష్టిలో బిడ్డను ఈ నేలకు కట్టిపడేసే ఆధారమైంది.

ముగింపు

బార్కస్ కుటుంబాల చరిత్రను కొలువు పత్రాలతోనే రాస్తే అది హద్రమౌత్‌లో మొదలై జమాదారు దగ్గర ముగుస్తుంది. నిఖా దస్తావేజులను జోడిస్తే అదే చరిత్ర దక్కను ఇళ్ళలోకి వస్తుంది. కాలం గడిచేకొద్దీ శిథిలమయ్యే ఈ పత్రాలను, వృద్ధ స్త్రీల జ్ఞాపకాలను కలిపి సేకరించడం అత్యవసరం. పుట్టింటి ఊరిపేర్లు, బంధుత్వాలు కాగితం కన్న వారి నోటనే ఎక్కువగా నిలిచి ఉన్నాయి.