గాలి ఆడే పెట్టె: పల్నాటి ఎండలో కంప్యూటర్ కేబినెట్ చరిత్ర

కంప్యూటర్ కేబినెట్‌కు రెండు పనులు. లోపలి భాగాలను దుమ్ము నుంచి, దెబ్బల నుంచి కాపాడటం మొదటిది. ఆ భాగాల్లో పుట్టే వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపడం రెండోది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. దుమ్ము రాకూడదని పెట్టెను బిగించేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. వేడి పోవాలని తెరిచేస్తే దుమ్ము పేరుకుంటుంది. నలభై ఏళ్లకు పైబడిన కేబినెట్ చరిత్ర ఈ రెండింటి మధ్య కుదిరిన సర్దుబాట్ల చరిత్ర. జనం వాడుకలో ఈ పెట్టె మొత్తానికీ ‘సీపీయూ’ అని పేరు. రిపేరు దుకాణాల్లో మాత్రం ‘కేబినెట్’ అనే అంటారు. ఎండా దుమ్మూ రెండూ మెండుగా ఉండే పల్నాడులో ఈ పెట్టె ఎంపికకు మిగతా చోట్ల కంటే ఎక్కువ విలువ ఉంది.

ఎండ, సున్నం, రాతి మిద్దె

గుంటూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా వేరు జిల్లా అయిన పల్నాడుకు ఎండ పాత పరిచయం. గురజాలకూ మాచర్లకూ మధ్య ఉన్న రెంటచింతల పేరు వేసవి వాతావరణ వార్తల్లో తప్పకుండా వినిపిస్తుంది. మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఈ నేల కింద ఉన్నది సున్నపురాయి. దాని మీదే మాచర్లలో 1958లో కేసీపీ సిమెంటు కర్మాగారం మొదలైంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపడింది. దీనికి తోడు ఎండాకాలం నల్లరేగడి నేలల నుంచి లేచే దుమ్ము, మిరప కళ్లాల ఘాటు పొడి, చిలకలూరిపేట వైపు పత్తి పీచు. వడగాడ్పు ఇవన్నీ మోసుకొచ్చి ఇళ్లలో పోస్తుంది.

వేడినీ దుమ్మునూ తట్టుకునే పెట్టె కట్టడం ఇక్కడివారికి కంప్యూటర్‌తో మొదలైన విద్య కాదు. ఇల్లు కూడా అలాంటి పెట్టే. మందపాటి రాతి గోడలు, కింద నాపరాళ్ల పరుపు, పైన నాపరాళ్ల కప్పు, గోడలకు తెల్ల సున్నం. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, మందపు గోడ సెగను మధ్యాహ్నం దాకా ఆపుతుంది. కానీ రాయి తాగిన వేడి చీకటి పడ్డాక లోపలికి కక్కుతుంది. అందుకే వేసవి రాత్రుళ్లు నులక మంచాలు ఆరుబయటికి వస్తాయి. గాలి ఆడటానికి పాత ఇళ్లలో వీధి గుమ్మాన్నీ పెరటి గుమ్మాన్నీ ఒకే వరుసలో పెట్టేవారు. ఒక గుమ్మంలో వచ్చిన గాలి మలుపు లేకుండా రెండో గుమ్మంలో పోవాలి. పైకి లేచే వేడి పోవడానికి గోడ పైభాగంలో చిన్న కంతలు వదిలేవారు. కేబినెట్లు తయారుచేసే కంపెనీలు ఇరవై ఏళ్లకు పైగా తంటాలు పడి చేరుకున్న సూత్రాలు కూడా ఇవే: వచ్చే దారి, పోయే దారి, మధ్యలో అడ్డు లేకపోవడం.

ఒక్క ఫ్యానుతో సరిపోయిన కాలం

1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్ విడుదల చేసింది. అందులో వాడిన ఇంటెల్ 8088 ప్రాసెసర్ ఖర్చుచేసే కరెంటు రెండు వాట్ల లోపు. దాని మీద ఫ్యాను లేదు, వేడిని పీల్చే లోహపు రెక్కలూ లేవు. పెట్టె మొత్తానికి కరెంటు అందించే పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు. అందులో ఉన్న ఒక్క ఫ్యానే లోపలి గాలిని లాగి వెనక నుంచి బయటికి నెట్టేది. 1984లో వచ్చిన ఏటీ నమూనాలో పవర్ సప్లై 192 వాట్లకు పెరిగినా పద్ధతి మారలేదు. మన దగ్గర రిపేరు చేసేవారు నేటికీ పవర్ సప్లైని ‘ఎస్‌ఎంపీఎస్’ అనే పిలుస్తారు.

అప్పట్లో మన దేశంలో కంప్యూటర్ అంటే ఏసీ గది. లోపలికి వెళ్లేవారు చెప్పులు గుమ్మం బయట విడిచేవారు. 1990ల చివర నరసరావుపేట ప్రాంతంలో ఇంజినీరింగ్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి ల్యాబుల్లోనూ చెప్పులు బయట విడిచే ఈ ఆచారం చాలాకాలం సాగింది. అందులో భక్తితో పాటు ఇంగితం కూడా ఉంది. పెట్టెలోకి పోయే గాలిని వడకట్టే జాలీ ఆ రోజుల్లో మామూలు కేబినెట్లలో ఉండేది కాదు. గదే జాలీ పని చేయాలి. గదిలోకి దుమ్ము రాకుంటే పెట్టెలోకీ రాదు.

ప్రాసెసర్ వేడెక్కిన కాలం

1993 మార్చిలో వచ్చిన మొదటి పెంటియం ప్రాసెసర్లు 16 వాట్ల దాకా ఖర్చుచేసేవి. ప్రాసెసర్ నెత్తిన రెక్కల దిమ్మె, దాని పైన చిన్న ఫ్యాను తప్పనిసరి అయ్యాయి. ఆ ఫ్యాను వేడిని దిమ్మె మీద నుంచి పెట్టెలోకి తోస్తుంది, అంతే. అక్కడి నుంచి బయటికి పంపడం పెట్టె బాధ్యత. కేబినెట్ రూపకల్పన వేరే శాస్త్రంగా ఎదగడానికి కారణం ఇదే.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి తెచ్చింది. ఇప్పటికీ చాలా కేబినెట్లకు అదే పునాది. దాని తొలి రూపంలో ఒక పొరపాటు జరిగింది. పవర్ సప్లై ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగి ప్రాసెసర్ మీదికి ఊదాలన్నారు. ఆ గాలి పవర్ సప్లై గుండా వస్తూ ముందే వేడెక్కేది. తర్వాతి సవరణల్లో ఫ్యాను దిశ తిరగబడి, మళ్లీ బయటికే ఊదడం మొదలైంది. పొయ్యి మీదుగా వచ్చే గాలి ఇంటిని చల్లబరచదన్న సంగతి అలా మరోసారి రుజువైంది.

పల్నాడు పట్టణాల్లో కంప్యూటర్ ఏసీ గది దాటి బజారులోకి వచ్చింది ఆ తర్వాతే. 1998 నవంబరులో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ మొదలైంది. డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు, పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే ఫొటో స్టూడియోలు, మిర్చి, పత్తి వ్యాపారుల లెక్కల గదులు ఒక్కొక్కటిగా కంప్యూటర్ కొన్నాయి. ఎక్కువమంది కొన్నది కంపెనీ సరుకు కాదు, ‘అసెంబుల్డ్ సిస్టమ్’. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి పెద్ద బజార్ల నుంచి విడిభాగాలు తెచ్చి స్థానికంగా బిగించేవారు. బేరం ఆడేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్క్ గురించే మాట నడిచేది. కేబినెట్ చివర్లో, మిగిలిన డబ్బుతో వచ్చేది. పలచటి రేకు, ముందు నిగనిగలాడే ప్లాస్టిక్ ముఖం, వెనక ఒక 80 మిల్లీమీటర్ల ఫ్యాను, లేకుంటే ఫ్యాను బిగించే కంతలు మాత్రమే.

2000 నవంబరులో పెంటియం 4 వచ్చింది. 2004 నాటి ప్రెస్కాట్ రకం ప్రాసెసర్లలో కొన్ని 115 వాట్ల దాకా వేడి పుట్టించేవి. పాత ఐబీఎం పెట్టె మొత్తానికి ఇచ్చిన కరెంటుకు ఇది దాదాపు రెట్టింపు, అదీ ఒక్క చిప్పులో. ఇంటెల్ అప్పుడు కేబినెట్లకు పరీక్ష పెట్టింది. గది 35 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ ఫ్యానుకు అందే గాలి 38 డిగ్రీలు దాటకూడదు. అందుకోసం పక్క రేకుకు కన్నం పెట్టి, అక్కడి నుంచి ప్రాసెసర్ దాకా ప్లాస్టిక్ గొట్టం దింపారు. బయటి గాలి నేరుగా చేరే ఆ ఏర్పాటు ఉపయోగపడింది. కానీ పల్నాటి మే నెలకు 35 డిగ్రీలు పొద్దుటి లెక్క. రెంటచింతలలో మధ్యాహ్నం ఏసీ లేని గది ఆ పరీక్ష గీతను ఎప్పుడో దాటేస్తుంది.

ఈ తేడా రిపేరు బల్ల మీద కనబడేది. వేసవిలో ఉన్నట్టుండి ఆగిపోతోందని తెచ్చిన పెట్టె పక్క రేకు విప్పితే, ప్రాసెసర్ ఫ్యాను రెక్కల అంచున బూడిద రంగు దుమ్ము గీత. ఫ్యాను తీస్తే కింద లోహపు రెక్కల సందులన్నీ మూసేసిన దుమ్ము పరుపు, కంబళి ముక్కలా ఊడి వస్తుంది. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లలో రెండు మూడింటి నెత్తి ఉబ్బి, గోధుమ రంగు ద్రవం కారిన మరక. పది డిగ్రీల వేడి పెరిగితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో తెలిసిన లెక్క. ఆ ఏళ్లలో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతా బోర్డులను పాడుచేశాయి. ఎండ వాటి పని ఇంకా త్వరగా ముగించింది.

ఈ ఇబ్బందికి జనం కనిపెట్టిన మందు పక్క రేకు విప్పేసి టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టడం. ఆ పూటకు అది పనిచేస్తుంది కూడా. అయితే గాలికి ఒక దారంటూ లేక చెదిరిపోతుంది. జాలీ లేని పెద్ద ఫ్యాను గదిలో దుమ్మునంతా బోర్డు మీద పోస్తుంది. నీళ్ల కూలరును నేరుగా పెట్టె ముఖాన పెట్టడం ఇంకా చేటు. తేమ తగిలిన సున్నపు పొడి పెచ్చు కట్టి, బ్రష్‌కు కూడా రాదు.

జాలీ ముఖం దాకా

పెంటియం 4 వేడికి మందుగా ఇంటెల్ 2003లో బీటీఎక్స్ అనే కొత్త అమరిక ప్రకటించింది. ప్రాసెసర్‌ను పెట్టె ముందు భాగానికి తెచ్చి, ముందు నుంచి వెనక్కి ఒకే గీతలో గాలి పోయేలా గీసిన పద్ధతి అది. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉన్న ఇల్లు లాంటిది. 2006లో వచ్చిన కోర్ 2 ప్రాసెసర్లు 65 వాట్లకు దిగడంతో కంపెనీలు పాత ఏటీఎక్స్‌నే కొనసాగించాయి. బీటీఎక్స్ ఆగిపోయింది. తిన్నని గాలిదారి అన్న దాని ఆలోచన మాత్రం నిలిచింది.

ఆ పదేళ్లలో మూడు మార్పులు వచ్చాయి. 80 మిల్లీమీటర్ల ఫ్యాను స్థానంలో 120, తర్వాత 140 మిల్లీమీటర్లవి వచ్చాయి. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూనే అంత గాలినీ పంపుతుంది, మోతా తక్కువ. 2005 నాటి ఆంటెక్ పీ180లాగా పవర్ సప్లైని పై నుంచి అడుగుకు దించి, దాని గాలి దానికే వేరుచేశారు. ముందు ముఖం ప్లాస్టిక్ పలక నుంచి జాలీకి మారింది. 2008లో కూలర్ మాస్టర్ తెచ్చిన హెచ్ఏఎఫ్ 932కు 230 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బిగించారు. ఆ మూడక్షరాలకు అర్థమే ‘హై ఎయిర్ ఫ్లో’, ఎక్కువ గాలి అని.

తర్వాత అందం ముందుకొచ్చింది. 2010ల నడుమ గాజు పక్కలు, గాజు ముఖాలు, లోపల రంగు దీపాలు వచ్చాయి. గాజు వెనక ఉన్న ఫ్యాన్లు అంచుల సందుల్లోంచి మాత్రమే గాలి పీల్చాలి. ఆ లోటు తెలిశాక, 2017లో వచ్చిన ఫ్రాక్టల్ మెషిఫై సి లాంటి నమూనాలతో జాలీ ముఖం మళ్లీ నిలబడింది. పల్నాడులోనూ కంప్యూటర్లు 2010లలోనే పల్లె దాకా చేరాయి. 2011లో మీసేవ మొదలైంది, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి.

ఎంపికకు మిగిలిన సూత్రాలు

ఈ చరిత్ర నుంచి తేలిన లెక్క ఒకటి ఉంది. పెట్టెలో పుట్టే వాట్లను నిమిషానికి కదిలే ఘనపుటడుగుల గాలితో భాగించి, సుమారు 1.76తో హెచ్చవేస్తే, లోపలి గాలి గది కంటే ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో వస్తుంది. ఫ్యాను డబ్బా మీద ‘సీఎఫ్ఎమ్’ అని ఉండేది ఈ ఘనపుటడుగుల కొలతే. 250 వాట్లు వాడే స్టూడియో సిస్టమ్‌లో నిజంగా 25 సీఎఫ్ఎమ్ గాలే ఆడితే పెరుగుదల దాదాపు 18 డిగ్రీలు. 75 ఆడితే 6 డిగ్రీలు. గది 42 డిగ్రీలు ఉంటే మొదటి పెట్టె లోపల 60, రెండో దాని లోపల 48. డబ్బా మీది అంకె ఆరుబయట కొలిచినది. జాలీ, వైర్లు, మలుపులు దాన్ని తగ్గిస్తాయి.

కాబట్టి చూడాల్సిన మొదటి సంగతి ముందు ముఖం. అరచేయి ఆనిస్తే గాలి లోపలికి లాగడం తెలియాలి. ముందు రెండు 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే చాలా సిస్టమ్‌లకు చాలు. బయటికి పోయే గాలి కంటే లోపలికి వచ్చేది కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడు పెట్టె సందుల్లోంచి గాలి బయటికే తోసుకొస్తుంది, దుమ్ము జాలీ గుండా తప్ప లోపలికి రాలేదు. జాలీ స్క్రూలు విప్పకుండా చేత్తో ఊడాలి. తీయడం కష్టమైన జాలీని ఎవరూ కడగరు, కడగని జాలీ మూత అవుతుంది. పిడుగురాళ్ల లాంటి చోట వేసవిలో వారం, పది రోజులకోసారి దాన్ని దులపాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకుంటే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

లెక్కలు, దరఖాస్తులు చూసుకునే ఆఫీసు సిస్టమ్ వాడేది తక్కువ కరెంటు. దానికి ఖరీదైన పెట్టె అక్కర్లేదు. శుభ్రంగా ఉన్న ఒక మంచి ఫ్యాను, తెరిచి ఉన్న ముఖం చాలు. గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఫొటోలు, వీడియోలు చేసేవారు మాత్రం కేబినెట్ డబ్బును చివరికి మిగల్చకూడదు.

పెట్టెను ఎక్కడ పెట్టారన్నది కూడా ఎంపికలో భాగమే. నాపరాళ్ల నేల చల్లగా ఉంటుందని కింద పెడితే, అడుగున ఉన్న పవర్ సప్లై ఊడ్చిన దుమ్మంతా పీలుస్తుంది. జానెడు ఎత్తు స్టాండు మేలు. బల్ల కింది మూసిన అరలో పెడితే వెనక నుంచి వచ్చిన వేడి గాలినే ముందు నుంచి మళ్లీ పీలుస్తుంది. వెనక గోడకు జానెడు ఎడం ఉండాలి. మధ్యాహ్నపు ఎండ కాసే పడమటి గోడకు దూరంగా ఉండాలి. గాలితో చల్లబడే ఏ కేబినెట్టూ గది వేడి కంటే కిందికి దించలేదు. అందుకే కప్పుకు తెల్ల సున్నం వేసి, ఎదురెదురు కిటికీలు తెరిచి గదిని రెండు డిగ్రీలు చల్లబరిస్తే, లోపలి ప్రాసెసర్‌కూ దాదాపు ఆ రెండు డిగ్రీలు కలిసొస్తాయి.