తిండి, ఊట, సంగటి: మన పావగడ మాటలు



పెళ్లిళ్లలో మనం మాట్లాడేది విని కోస్తా చుట్టాలు "మీది తెలుగేనా?" అని నవ్వుతుంటారు. మన పిల్లలు సిగ్గుపడి నోరు మూసుకుంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1799లో టిప్పు సుల్తాన్ పోయాక పావగడ మైసూరు రాజ్యంలోనే ఉండిపోయింది. పక్కనున్న అనంతపురం సీమ 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి పోయి దత్త మండలాల్లో కలిసింది. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినా ఆ గీత చెరగలేదు. మూడు వైపులా ఆంధ్ర, బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. అదీ మన బతుకు.

కన్నడంలో 'తిండి' అంటే పొద్దుటి ఫలహారం, 'ఊట' అంటే భోజనం. తెలుగులో తిండి అంటే ఏ పూట తిన్నా తిండే, ఊట అంటే చెలమలో ఊరే నీళ్లు. రెండు అర్థాలూ తెలిసి పెరిగినవాళ్లం మనం.

గీత దాటితే మాట మారుతుందా? మన రాగి సంగటి అనంతపురంలోనూ సంగటే. అవే రాగులు ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు. మన బొరుగులు కోస్తాలో మరమరాలు. వాళ్లలో వాళ్లకే ఇన్ని తేడాలుంటే, మన ఒక్కరి మాటే తప్పెట్లా అవుతుంది?

ఈసారి ఊరికి పోయినప్పుడు అవ్వ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. సంగటి తినేటప్పుడు ఆమె నోట వచ్చే మాటలు వాళ్ల చెవిన పడనీయండి. మన చరిత్ర అక్కడే ఉంది.