అరికమేడు ఎర్రపూస పుట్టిల్లు గరీబ్‌పేట

పుదుచ్చేరికి దక్షిణాన నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున ఉంది అరికమేడు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాల్లో రోమన్ల ద్రాక్షసారా జాడీలు, ఇటలీ ఎర్రమట్టి పాత్రలు బయటపడటంతో ఈ పాత రేవు పేరు ప్రపంచమంతా మోగింది. అయితే రోమన్ పెంకుల కన్నా ఎక్కువ కథ చెప్పేవి ఇక్కడి పూసలు. రాయిని చెక్కి, అరగదీసి, బెజ్జం వేసి, మెరుగుపెట్టే పనంతా ఇక్కడే సాగేది. పని సగంలో ఆగిన పూసలే అందుకు సాక్ష్యం.

వాటిలో దానిమ్మగింజ రంగు గార్నెట్లున్నాయి. ఆ రాయి ఎక్కడిది? 2017లో వెలువడిన రత్నశాస్త్ర అధ్యయనం దీనికి జవాబు వెతికింది. సూక్ష్మదర్శిని కింద పెడితే రాతి లోపల సిల్లిమనైట్ అనే ఖనిజపు సన్నని నూగు కనిపించింది. దాన్నీ, రాతిలోని మూలకాల పాళ్లనూ పోల్చి చూస్తే తెలంగాణలోని కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గార్నెట్‌తో సరిపోయాయి. ఆరువందల కిలోమీటర్లకు పైగా దాటి వచ్చిన తెలుగు నేల రాయి అది.

వజ్రానికి ఈ వీలు లేదు. అది దాదాపు అచ్చంగా కర్బనమే. సానబట్టి, నాలుగు గనుల సరుకు కలిపేశాక, ఏది ఎక్కడిదో రాయిని చూసి చెప్పడం చాలా కష్టం. అందుకే కాగితాలు కావాలి. సియెర్రా లియోన్, అంగోలాల్లో తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి తుపాకులు కొన్న తర్వాత, 2003లో కింబర్లీ ప్రక్రియ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ముడి వజ్రాలు దేశం దాటాలంటే సీలు వేసిన పెట్టె, ప్రభుత్వ ధ్రువపత్రం తప్పనిసరి. కానీ దాని చూపు తిరుగుబాటుదారుల సొమ్ము దగ్గరే ఆగిపోతుంది. గనిలో కూలి ఎంత, పసిపిల్లలు దిగుతున్నారా, నీళ్లు పాడవుతున్నాయా అన్నది అడగదు. గార్నెట్, కెంపు, బంగారం దాని పరిధిలోకే రావు.

బంగారం సంగతి చూస్తే, మన దేశంలో హాల్‌మార్క్ నగపై ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైంది. అది బంగారం నాణ్యతకు పూచీ, గనికి కాదు.

కనుక నగ కొనేటప్పుడు క్యారెట్లు, తరుగు, మజూరీలతో పాటు ఇంకో మాట అడగండి: ఈ రాయి ఏ దేశానిది, ఏ గనిది? జవాబును బిల్లు మీద రాయించుకోండి. కొనేవాళ్లు అడగనంత కాలం అమ్మేవాళ్లు చెప్పరు.