పెట్రోల్ ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్ థ్రెడ్ పోతే ఏం చేయాలి?

తైవాన్ స్ప్రేయర్, పవర్ వీడర్, బ్రష్ కట్టర్, చిన్న పెట్రోల్ పంపుసెట్ వంటి యంత్రాల్లో ప్లగ్ బిగించే హెడ్ సాధారణంగా అల్యూమినియంతో చేసి ఉంటుంది. ప్లగ్ మాత్రం ఉక్కు. రెండూ ఒరుసుకుంటే పోయేది మెత్తని హెడ్డే. అందుకే థ్రెడ్ పోయినప్పుడు కొత్త ప్లగ్ కొనితెచ్చి వేసినా పట్టదు. డీజిల్ ఇంజిన్లకు స్పార్క్ ప్లగ్ ఉండదు కనుక ట్రాక్టర్లకు ఈ బాధ లేదు.

గుర్తించడం ఎలా?

ప్లగ్ ఎంత తిప్పినా బిగియదు. ఇంజిన్ నడిచేటప్పుడు ప్లగ్ దగ్గర గాలి లీకవుతున్న శబ్దం వస్తుంది, చుట్టూ నల్లని నూనె మరక కడుతుంది. తాడు లాగితే మునుపటి బిగువు ఉండదు. అనుమానం తీరాలంటే, చల్లారిన ఇంజిన్ స్విచ్ ఆపి, ప్లగ్ మొదట్లో సబ్బు నీళ్లు వేసి తాడు మెల్లగా లాగండి. బుడగలు వస్తే అక్కడే లీకు.

లీకు ఉందని తెలిశాక "ఇంకో నాలుగు ట్యాంకులు కొట్టి చూద్దాం" అనుకోకండి. ప్లగ్ వేడి థ్రెడ్ ద్వారా, వాషర్ ద్వారా హెడ్‌లోకి పోవాలి. వదులైతే ప్లగ్ కొన ఎర్రగా కాలి, పెట్రోల్ వేళకు ముందే మండి పిస్టన్ కాలిపోవచ్చు. ప్లగ్ ఎగిరి మనిషికి తగలనూ వచ్చు. ఎం-సీల్ పెట్టడం, టెఫ్లాన్ టేపు లేదా రాగి తీగ చుట్టడం మరమ్మతు కాదు. ఆ వేడికి, ఒత్తిడికి అవి నిలవవు.

మరమ్మతు

ముందు ప్లగ్ సైజు చూసుకోవాలి. చిన్న ఇంజిన్లలో 14 మి.మీ. ప్లగ్ ఎక్కువ, కొన్ని ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్లలో 10 మి.మీ. ఉంటుంది. మొదటి ఒకటి రెండు చుట్లే నలిగి ఉంటే అదే సైజు ట్యాప్‌తో థ్రెడ్ శుభ్రం చేయిస్తే సరిపోతుంది.

థ్రెడ్ పూర్తిగా ఊడిపోతే రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త థ్రెడ్ కొట్టి, అందులో హెలికాయిల్ గానీ ఉక్కు బుష్ గానీ వేస్తారు. హెలికాయిల్ అంటే స్ప్రింగులా చుట్టిన తీగ. చవక, ఎక్కువసార్లు సరిపోతుంది. తరచూ ప్లగ్ విప్పే యంత్రానికి బుష్ మేలు. ఏది వేసినా పొడవు రంధ్రానికి సరిపోవాలి. లోపలికి పొడుచుకొస్తే కాలి ఎర్రబడుతుంది, పైకి లేస్తే వాషర్ కూర్చోదు.

ఇక్కడ అసలు ప్రమాదం అల్యూమినియం పొట్టు. అది సిలిండర్‌లో పడితే గోడలపై గీతలు పడి, థ్రెడ్ బాగైనా ఇంజిన్ పాడవుతుంది. ట్యాప్‌కు గ్రీజు పూస్తే పొట్టు కొంత అంటుకుంటుంది కానీ పూర్తిగా ఆగదు. హెడ్ విప్పి లేత్ షాపులో చేయించడమే మంచిది. తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయించండి. టూ స్ట్రోక్ ఇంజిన్లలో హెడ్, సిలిండర్ కలిసే ఉండటం మామూలు, కాబట్టి సిలిండర్ విప్పాలి. హెడ్‌లో పగులు ఉంటే బుష్‌కు ఖర్చు పెట్టకండి, హెడ్ మార్చాల్సిందే.

మళ్లీ పోకుండా

వేడి మీద ప్లగ్ విప్పకండి. విప్పేముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయాలి. బిగించేటప్పుడు మొదట పానా పట్టకూడదు, వేళ్లతోనే చివరిదాకా తిప్పాలి. మధ్యలో బిగుసుకుంటే వంకరగా ఎక్కుతున్నట్టే, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. వాషర్ ఆనిన తర్వాత 14 మి.మీ. కొత్త ప్లగ్‌ను పానాతో అర చుట్టు, పాతదాన్ని పావు చుట్టు లోపు బిగిస్తే చాలు. థ్రెడ్‌కు నూనె రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

లావు సరిపోయిందని దొరికిన ప్లగ్ వేయకండి. థ్రెడ్ పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతుంది. తక్కువైతే ఖాళీ చుట్లలో మసి పేరుకుని, తర్వాత సరైన ప్లగ్ వేసినప్పుడు పట్టేస్తుంది. అద్దెకు యంత్రం తెచ్చుకునేవారు, ప్లగ్ వదులుగా ఉందేమో యజమాని ఎదుటే చూసుకోవాలి. పొలంలో బయటపడితే నేరం మీమీద పడుతుంది.

హెలికాయిల్ వేసిన ఇంజిన్‌లో ప్లగ్ విప్పినప్పుడు దాంతోపాటు తీగ కూడా వచ్చిందేమో చూడండి. వస్తే దాన్నే మళ్లీ తోసి బిగించకుండా కొత్తది వేయించండి.