ఆబ్‌దోజ్ ఉస్తాద్ బెక్లెమిషెవ్

నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో సబ్‌మెరైన్‌ని ‘ఆబ్‌దోజ్’ అనేవాళ్లం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే ‘జలాంతర్గామి’ అయింది. రెండూ అందమైన మాటలే. కానీ ఆ ఇనుప డబ్బాలోకి మొదట్లో దిగిన మనుషుల దాస్తాన్ మాకు ఏ కితాబులోనూ కనబడలేదు. అందుకే ఈసారి రష్యా నౌకాదళంలో తొలి ఆబ్‌దోజ్ కమాండర్లలో ఒకరైన మిఖాయిల్ నికొలాయెవిచ్ బెక్లెమిషెవ్ (1858–1936) గురించి రాస్తున్నాను. ఆయన జంగ్‌లో ఒక్క జహాజునూ ముంచలేదు. అయినా ఆయన్ని తారీఖ్ మరచిపోకూడదని నా రాయ్. ఎందుకో చెబుతాను.

ఆయన అసలు పేషా బోధన. క్రోన్‌ష్టాట్‌లో నౌకాదళ అధికారులకు టార్పెడోల పని, కరెంటు పని నేర్పే ఉస్తాద్. 1900 చివర్లో రష్యా సర్కారు ఒక ఆబ్‌దోజ్ నమూనా తయారు చేయమని ముగ్గురికి హుకుం ఇచ్చింది. నౌకా నిర్మాణం తెలిసిన ఇవాన్ బుబ్నోవ్, ఇంజన్లు తెలిసిన ఇవాన్ గొర్యునోవ్, మూడో మనిషి బెక్లెమిషెవ్. పని మొత్తం రహస్యంగా సాగింది. 1901లో బెక్లెమిషెవ్ అమెరికా వెళ్లి, అక్కడ హాలండ్ అనే ఇంజనీరు కట్టిన ఆబ్‌దోజులను కళ్లారా చూసొచ్చాడు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని బాల్టిక్ కార్ఖానాలో కట్టిన ఆ పడవ పేరు తర్వాత ‘దెల్ఫిన్’ అయింది. అంటే డాల్ఫిన్. పొడవు 20 మీటర్ల లోపే, బరువు 113 టన్నులు. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసురను పిల్లలకు చూపించే ఉంటారు కదా! సోవియట్ యూనియన్‌లో కట్టిన ఆ ఆబ్‌దోజ్ పొడవు 91 మీటర్లు. అందులోనే మనకు ఊపిరాడనట్టుంటే, ఇక దెల్ఫిన్ ఎంత ఇరుకో అందాజా వేసుకోండి. నీటి మీద పెట్రోల్ ఇంజను, నీటి కింద బ్యాటరీ. నమూనా గీసినవాళ్లలో ఒకడైన బెక్లెమిషెవే దానికి కమాండర్ కూడా. 1903లో పరీక్షలు మొదలయ్యాయి.

ఆ పడవలో ఒక ఖతర్నాక్ లోపం ఉంది. మునగాలంటే ట్యాంకుల్లోకి నీళ్లు వదలాలి. నీళ్లు వచ్చేకొద్దీ ట్యాంకుల్లోని గాలి పడవ లోపలికే వచ్చేది. లోపలి మనుషుల చెవుల మీద, ఛాతీ మీద ఒత్తిడి పెరిగేది. ఆ గాలి పోవడానికి పైతలుపును కాస్త తెరిచి ఉంచి, చివరి నిమిషంలో మూసేవాళ్లు. అంటే ప్రతి మునకా జాన్ మీద జూదమే.

1904 ఫిబ్రవరిలో జపాన్‌తో జంగ్ మొదలైంది. సర్కారుకు జల్దీ పట్టుకుంది. కొత్త ఆబ్‌దోజులు కడుతున్నారు, వాటిని నడపడానికి మనుషులు కావాలి. నేర్పడానికి మదరసా ఏది? దెల్ఫినే! 1904 జూన్ 29న (రష్యా పాత క్యాలెండర్ ప్రకారం జూన్ 16న) కార్ఖానా పక్కనే, నేవా దరియాలో తాలీమ్‌కు దిగారు. లోపల 37 మంది, మామూలుగా ఎక్కేవాళ్ల కంటే చాలా ఎక్కువ. బెక్లెమిషెవ్ ఆ రోజు పడవలో లేడు. లెఫ్టినెంట్ చెర్కాసోవ్ నడిపిస్తున్నాడు. తలుపు మూసేలోపే నీళ్లు లోపలికి దూకాయి. చెర్కాసోవ్, అతనితో పాటు 24 మంది నావికులు మునిగిపోయారు. 12 మంది మాత్రం బయటపడ్డారు.

ఇరవై ఏళ్లుగా ప్రమాద వార్తలు రాస్తున్నవాణ్ణి. ఏ ప్రమాదం జరిగినా మొదట వినబడే మాట ‘మానవ తప్పిదం’. తలుపు మూయాల్సిన చేయి ఎవరిదని వెతుకుతారు. ఆ తలుపు తెరిచి ఉంచక తప్పని పడవను ఎవరు గీశారు, ఇంతమందిని ఒకేసారి ఎక్కించాల్సిన జల్దీ ఎవరిది అని ఎందుకు అడగరు? హునర్ చేతికి రావడానికి దాని వఖ్త్ అది తీసుకుంటుంది. ఫర్మానా జారీ చేస్తే జల్దీగా రాదు. ఆ 25 ప్రాణాల జిమ్మేదారీలో గీసినవాళ్లకూ హిస్సా ఉంది, తొందరపెట్టిన సర్కారుకూ ఉంది.

దెల్ఫిన్‌ను పైకి తీసి, బాగుచేసి, ఆ ఏడాది చివర్లో రైలు మీద వ్లాదివోస్తోక్ పంపారు. అక్కడ 1905లో పెట్రోల్ ఆవిరి అంటుకుని పేలి మళ్లీ మునిగింది. మళ్లీ తీశారు. బెక్లెమిషెవ్ కూడా ఆ పని వదిలి పారిపోలేదు. కొత్త పడవల పరీక్షల్లో, మనుషుల తర్బియత్‌లో ఉండిపోయాడు. 1906లో రష్యా ఆబ్‌దోజులను యుద్ధనౌకల్లో ప్రత్యేక తరగతిగా గుర్తించింది. అదే ఏడాది లిబావా రేవులో ఆబ్‌దోజ్ తాలీమ్ కోసం ఒక దళాన్ని ఏర్పాటు చేశారు. దెల్ఫిన్‌లో జరిగినట్టు ఉన్న ఒక్క పడవలోకి అందరినీ ఎక్కించి నేర్పడం కాదు, ఈసారి ఖాయ్‌దాగా మదరసా. 1910లో ఆయన జనరల్ హోదాతో రిటైరయ్యాడు. జార్ పోయాడు, ఇంఖిలాబ్ వచ్చింది. ఆయన ఆ దేశంలోనే ఉండి 1936లో కన్నుమూశాడు.

ఇవాళ్టి ఆబ్‌దోజుల్లో ట్యాంకుల గాలి సముద్రంలోకే పోతుంది. తలుపు గట్టిగా బిగించాకే మునక. ఈసారి విశాఖ వెళ్తే కురుసుర తలుపు ఒకసారి పిల్లలకు చూపించండి. మూసి ఉంచాలన్న ఆ చిన్న ఖాయ్‌దా వెనక, నేవా నీళ్లలో పోయిన 25 మంది కూడా ఉన్నారని చెప్పండి.