బీమా కరపత్రం

1925లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పారు. 1956లో దానితోసహా 245 సంస్థలను కలిపి ప్రభుత్వం ఎల్.ఐ.సి.ని ఏర్పరచింది. చిహ్నంలో గీతావాక్యం: యోగక్షేమాల ప్రస్తావనే తప్ప మరణమన్న మాట లేదు. (లేనిది కలగడం యోగం, ఉన్నది నిలవడం క్షేమం. పంతులు అలవాటు, మన్నించాలి!)

గుంటూరు జిల్లాలో నేను పనిచేసిన మిరప పల్లెలో ఒక ఏజెంటు నాచేత కరపత్రం వ్రాయించాడు. “మీ తదనంతరం” అన్నది చూచి, “మాస్టారూ, ఇది ఉంటే గడప తొక్కనివ్వరండీ” అన్నాడు. కొట్టివేసి, పిల్ల పెళ్ళికి, పిల్లవాడి చదువుకు అని వ్రాశాను. కల్లాల్లో కాయలు ఎండేవేళ ఇల్లిల్లూ పంచాడు.

కొన్నాళ్ళకు ఒక రైతు పోయాడు. ఏడాది గడిచాక ఆయన భార్య పెట్టెలోని బాండు తెచ్చి చూపింది. “పిల్ల పెళ్ళికిగదా పంతులుగారూ, ఇప్పుడెందుకని ఊరుకున్నాను” అన్నది.

దరఖాస్తు నేనే వ్రాసిపెట్టాను.